పోయిన బండి దొరికినా చేతికి రాదా?

దొంగలెత్తుకుపోయిన మోటారు సైకిలు దొరికిందని పోలీసు స్టేషన్ నుంచి కబురు వస్తే ఎవరైనా సంతోషిస్తారు. ఆ సంతోషం స్టేషన్ ఆవరణలో అడుగు పెట్టేదాకానే. తుప్పు పట్టిన వాహనాల గుట్టల మధ్య, టైర్లలో గాలి పోయి, బ్యాటరీ మాయమై, దుమ్ములో కూరుకుపోయిన బండిని గుర్తుపట్టి ‘ఇది నాదే’ అని చెప్పినంత మాత్రాన దాన్ని ఇంటికి తీసుకుపోవడానికి వీలులేదు. కోర్టు ఉత్తర్వు కావాలి. ఉత్తర్వుకు దరఖాస్తు కావాలి. దరఖాస్తుకు వకీలు కావాలి. పూచీకత్తుకు జామీనుదారు కావాలి. ఈలోగా బండిని మోసుకొచ్చిన క్రేను ఛార్జీలు, అది నిలిచిన చోటుకు అద్దె ఎవరు చెల్లించాలన్న ప్రశ్న ఎదురవుతుంది. చాలా సందర్భాల్లో ఆ భారం చివరకు బాధితుని నెత్తినే పడుతున్నది. దొంగ ఒక్కసారి దోచుకుంటే, దొరికిన తరువాత వ్యవస్థ వాయిదాల పద్ధతిలో దోచుకుంటున్నదని బాధితులు వాపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఈ దుస్థితి ఏ ఒక్క నగరానికో పరిమితం కాదు. అయినా సూరత్‌ను ప్రత్యేకించి ప్రస్తావించడానికి రెండు కారణాలున్నాయి. పోలీసుల స్వాధీనంలోని సొత్తును ఎంత త్వరగా యజమానికి అప్పగించాలో దేశానికంతటికీ నిర్దేశించిన సుప్రీం కోర్టు తీర్పు సూరత్ జిల్లాలో పుట్టిన కేసులోనిదే కావడం ఒక కారణం. బతుకుతెరువు కోసం కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వెళ్లిన నేత కార్మిక కుటుంబాలు వేల సంఖ్యలో ఆ నగరంలో స్థిరపడి ఉండటం రెండవది.

కంచే చేను మేస్తే...

పట్టుబడిన సొత్తును గుజరాత్ పోలీసు పరిభాషలో ‘ముద్దామాల్’ అంటారు. సూరత్ జిల్లా ఓల్పాడ్ పోలీసు స్టేషన్‌లో భద్రపరచిన ఈ ముద్దామాల్‌ను కొందరు పోలీసు సిబ్బందే కాజేశారన్నది ఆ కేసులో అభియోగం. 1992 డిసెంబరు నుంచి 2000 నవంబరు వరకు గల కాలానికి సంబంధించిన ఆరోపణలవి. అసలు వస్తువులు తీసి నకిలీవి పెట్టారని, స్టేషన్‌లో ఉంచిన నగదును సొంతానికి వాడుకున్నారని, విచారణ పూర్తికాకుండానే అనుమతి లేకుండా సొత్తును వేలం వేశారని, రికార్డులు తారుమారు చేశారని ప్రాసిక్యూషన్ ఆరోపించింది. ‘సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి వర్సెస్ గుజరాత్ రాష్ట్రం’ పేరిట సుప్రీం కోర్టుకు చేరిన ఈ వ్యవహారంలో జస్టిస్ ఎం.బి.షా, జస్టిస్ డి.ఎం.ధర్మాధికారిలతో కూడిన ధర్మాసనం 2002 అక్టోబరు 1న వెలువరించిన ఉత్తర్వు ఆరోపణల విచారణను దాటి ముందుకు పోయింది. అసలు సొత్తును స్టేషన్లలో అంతకాలం ఎందుకు ఉంచాలన్న మౌలికమైన ప్రశ్నను అది లేవనెత్తింది.

స్వాధీనం చేసుకున్న వాహనాలను ఏళ్ల తరబడి స్టేషన్లలో పడవేయడం వల్ల ఎవరికీ ప్రయోజనం లేదని ధర్మాసనం తేల్చిచెప్పింది. పంచనామా జరిపి, ఫొటోలు తీసి, తగిన పూచీకత్తు తీసుకుని వాహనాన్ని యజమానికి అప్పగించవలసిన బాధ్యత మేజిస్ట్రేటుదేనని, ఏ సొత్తూ 15 రోజుల నుంచి నెల రోజులకు మించి స్టేషన్‌లో ఉండరాదని స్పష్టం చేసింది. ఈ ఆదేశాల అమలుపై హైకోర్టు రిజిస్ట్రీ పర్యవేక్షణ ఉండాలని కూడా సూచించింది. యజమాని గాని, బీమా కంపెనీ గాని ముందుకు రానప్పుడు వాహనాన్ని వేలం వేసే మార్గమూ చూపింది.

ఇంత స్పష్టమైన తీర్పు వచ్చిన తరువాత దేశంలోని పోలీసు స్టేషన్ల ఆవరణలు ఖాళీ కావలసింది. కాలేదు. ఎనిమిదేళ్లు తిరిగేసరికి అదే సమస్యపై ఆంధ్రప్రదేశ్‌ను ప్రతివాదిగా చేరుస్తూ సాధారణ బీమా కంపెనీల మండలి మళ్లీ సుప్రీం కోర్టు గడప తొక్కవలసి వచ్చింది. 2005లో దేశవ్యాప్తంగా 84 వేలకు పైగా వాహనాలు పోయినట్లు ఫిర్యాదులు రాగా, పోలీసులకు దొరికినవి దాదాపు 25 వేలేనని, వాటిలోనూ ఫలానా యజమానివని తేలినవి 5 వేల లోపేనని ఆ కేసులో జాతీయ నేర రికార్డుల సంస్థ అంకెలు పేర్కొన్నారు. పోయిన బండి దొరకడం ఒక ఎత్తు. దొరికిన బండి ఎవరిదో తేలడం మరొక ఎత్తు అన్నమాట. 2002 నాటి ఆదేశాలను తు.చ. తప్పకుండా పాటించాలని 2010 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు మరోసారి హెచ్చరించింది. 2014లో ఢిల్లీ హైకోర్టు కూడా ఇదే మార్గంలో మరింత వివరమైన నిబంధనలు రూపొందించింది. తీర్పుల మీద తీర్పులు వచ్చాయి. స్టేషన్ల ముందు తుప్పు మాత్రం కదలలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇటువంటి సందర్భాల కోసమే పుట్టి ఉంటుంది.

కొత్త చట్టం, పాత లొసుగు

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేసిన మాట వాస్తవం. అంతవరకు తీర్పులలో మాత్రమే ఉన్న గడువులను 497వ సెక్షన్ ద్వారా చట్టంలోకే తెచ్చారు. సొత్తును కోర్టు ముందు ఉంచిన 14 రోజులలోగా దాని వివరాల పట్టిక తయారుచేయాలి. ఫొటోలు, అవసరమైతే వీడియో తీయించాలి. ఆ తరువాత 30 రోజులలోగా సొత్తును ఎవరికి అప్పగించాలో, ఏమి చేయాలో కోర్టు ఉత్తర్వు ఇవ్వాలి. ఆ పట్టిక, ఫొటోలే తరువాత విచారణలో సాక్ష్యంగా చెల్లుతాయి. అంటే కేసు తేలేదాకా బండి స్టేషన్‌లోనే ఉండాలన్న వాదనకు ఇక ఆస్కారం లేదు.

అయితే ఇక్కడే ఒక లొసుగు ఉంది. గడువు మొదలయ్యేది బండి పోలీసులకు దొరికిన రోజు నుంచి కాదు. దాన్ని కోర్టు ముందు ఉంచిన రోజు నుంచి. స్వాధీనం చేసుకున్న సంగతి మేజిస్ట్రేటుకు వెంటనే నివేదించాలని చట్టం చెబుతున్నా, సిబ్బంది కొరత అనో, బందోబస్తు పనులు అనో ఆ కాగితం కదలకపోతే గడియారం నడకే మొదలుకాదు. మొదలుకాని గడియారం ఏ గంటా కొట్టదు.

గుజరాత్‌లో ఈ జాప్యానికి మరో ప్రత్యేక కారణం తోడయింది. మద్య నిషేధం అమలులో ఉన్న ఆ రాష్ట్రంలో అక్రమ మద్యం రవాణాలో పట్టుబడిన వాహనాలను, సరుకు నిర్ణీత పరిమాణాన్ని మించితే, తుది తీర్పు వెలువడేవరకు పూచీకత్తుపై విడుదల చేయరాదన్న నిబంధన నిషేధ చట్టంలో చేరింది. దొంగిలించిన బండిపైనే మద్యం రవాణా జరిగితే అసలు యజమాని పరిస్థితి ఏమిటి? దొంగతనంలో బాధితుడైనవాడు, మద్యం కేసులో సొత్తు కోల్పోయినవాడవుతాడు. ఈ నిబంధన కారణంగా చిన్న కోర్టులు చేతులెత్తేయగా, హైకోర్టు గడప తొక్కి వాహనాలు విడిపించుకున్నవారు ఎందరో ఉన్నారు. పాత మోటారు సైకిలు కోసం సూరత్ నుంచి అహ్మదాబాద్ హైకోర్టుకు వెళ్లగల స్తోమతు ఎంతమందికి ఉంటుంది?

క్రేను ఛార్జీలు ఎవరివి?

ఇక ఛార్జీల సంగతి. దొంగ బండిని తన ఇంట్లో పెట్టుకోడు. పెట్రోలు అయిపోయినచోటనో, నో పార్కింగ్ బోర్డు కిందనో వదిలిపెట్టి పోతాడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో 10 గంటలు ఆపైన ఎవరూ లేకుండా వదిలివేసిన వాహనాన్ని, నిషిద్ధ స్థలంలో నిలిపిన వాహనాన్ని పోలీసులు తరలించవచ్చు. తరలింపు ఖర్చంతా యజమానిదే, జరిమానా అదనం అని ఆ సెక్షనే చెబుతున్నది. బండిని అక్కడ నిలిపింది యజమానా, దొంగా అన్న విచక్షణ ఆ వాక్యంలో లేదు. చట్టం రాసినవారికి దొంగ గుర్తుకు రాలేదు. ఛార్జీలు వసూలు చేసేవారికి బాధితుడు గుర్తుకు రావడం లేదు. దొంగ ఎర్ర దీపం దాటి పోతే వచ్చే ఈ-చలానాలు సైతం యజమాని పేరిటే వస్తాయి. వాటిని రద్దు చేయించుకోవడానికి ఎఫ్‌ఐఆర్ నకలు పట్టుకుని మరో కార్యాలయం చుట్టూ తిరగాలి. గోరుచుట్టుపై రోకటి పోటు అంటే ఇదే.

తరలింపు మాట ఎలా ఉన్నా, స్టేషన్‌లోనో, పోలీసుల తరఫు యార్డులోనో బండి నిలిచిన రోజులకు అద్దె అడగడం మాత్రం న్యాయసూత్రాలకే విరుద్ధం. ఈ విషయంలోనూ దారి చూపింది గుజరాత్ కేసే. జునాగఢ్ సంస్థానంలో కస్టమ్స్ అధికారులు ఒక వ్యాపారి లారీలను, స్టేషన్ వాగన్‌ను స్వాధీనం చేసుకున్నారు. అప్పీలు తేలకముందే అవి దిక్కులేని సొత్తుగా అమ్ముడుపోయాయి. తీరా అప్పీలులో వాహనాలను తిరిగి ఇవ్వాలన్న తీర్పు వచ్చింది. వ్యవహారం సుప్రీం కోర్టుకు చేరగా, ఇతరుల సొత్తును తన వద్ద ఉంచుకున్న ప్రభుత్వం దాన్ని జాగ్రత్తగా కాపాడి తిరిగి అప్పగించవలసిందేనని, అప్పగించలేనప్పుడు బాధ్యత వహించవలసిందేనని 1967లో తీర్పు వెలువడింది. దొంగల నుంచి దొరికిన సొత్తు పోలీసు స్టేషన్‌లోనే మాయమైన మైసూరు రాష్ట్రపు కేసులో, దాని విలువను ప్రభుత్వమే యజమానురాలికి చెల్లించాలని 1977లో అదే కోర్టు ఆదేశించింది.

కాపాడవలసిన బాధ్యత ప్రభుత్వానిది. కాపాడుతున్నదీ తన కేసుకు కావలసిన సాక్ష్యం కోసం. మరి అద్దె బాధితునిది ఎలా అవుతుంది? పైగా స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండి, వానకు తడిసి బండి పాడైతే ఆ నష్టానికి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్నకు 1967లోనే సమాధానం దొరికినా, ఆచరణలో దాన్ని అడిగే ధైర్యం సామాన్యునికి లేదు.

లింబాయత్ నుంచి చూస్తే

సూరత్ లింబాయత్ ప్రాంతంలో నివసించే ఒక తెలుగు మరమగ్గం కార్మికుడిని ఊహించుకుందాం. పగలో, రాత్రో 12 గంటల షిఫ్టు. మగ్గాల షెడ్డు బయట నిలిపిన మోటారు సైకిలు షిఫ్టు దిగేసరికి లేదు. అది ఊరిలో బంధువు దగ్గర కొన్నది, రిజిస్ట్రేషన్ తెలంగాణది, ఆర్‌సీ ఇంకా బంధువు పేరునే ఉన్నది. ఫిర్యాదు రాసేది గుజరాతీలో. అతనికి వచ్చింది తెలుగు, కొద్దిపాటి హిందీ. మూడు నెలలకు బండి దొరికిందని తెలిసింది. అక్కడి నుంచి పరీక్ష మొదలు. కోర్టు ఆర్‌సీలో పేరున్న వ్యక్తికే అప్పగించడానికి మొగ్గుచూపుతుంది. ఆ బంధువు కరీంనగర్ నుంచి రావాలి. జామీనుగా స్థానికుడు ఎవరైనా నిలబడాలి. అద్దె ఇంట్లో ఉండే వలస కార్మికుడికి ఆస్తి ఉన్న జామీనుదారు ఎక్కడ దొరుకుతాడు? వకీలు ఫీజు, బంధువు రైలు ఛార్జీలు, ట్రాలీ బాడుగ, మెకానిక్కు ఖర్చు, పోయిన షిఫ్టుల కూలి కలుపుకుంటే ఆ పాత బండి అమ్మితే వచ్చే ధర దాటిపోతుంది. అతడు ఒక దండం పెట్టి వెళ్లిపోతాడు. బండి మాత్రం స్టేషన్‌లోనే ఉంటుంది. కొన్నేళ్లకు ‘యజమానులు ముందుకు రాని వాహనాలు’ అన్న జాబితాలో చేరి తుక్కు కింద వేలానికి పోతుంది.

యజమాని ముందుకు రాలేదన్నది అధికారిక కథనం. రానివ్వలేదన్నది వాస్తవం. సూరత్‌కే కాదు, హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో వాహనాల వేలం ప్రకటన వెలువడిన ప్రతిసారీ పాఠకులు ఈ తేడాను గుర్తుంచుకోవడం మంచిది.

బీమా ఉన్నా...

బీమా ఉంది కదా అని కొందరు అనవచ్చు. తప్పనిసరి అయిన థర్డ్ పార్టీ బీమా దొంగతనానికి వర్తించదు. ఎదుటివారికి కలిగే నష్టానికి మాత్రమే అది పరిహారం. కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి అయ్యాక, ‘అయిదేళ్ల వరకు బీమాకు ఢోకా లేదు’ అన్న భ్రమ కూడా పెరిగింది. సొంత నష్టానికి వేరుగా కట్టిన పాలసీ ఏడాదికే ముగిసిపోయి ఉంటుంది. పాలసీ ఉన్నా, ఆలస్యంగా తెలియజేశారన్న కారణం చూపి క్లెయిము నిరాకరించడం పరిపాటి అయింది. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి ఉంటే, కంపెనీకి ఆలస్యంగా తెలియజేశారన్న ఒక్క సాకుతో క్లెయిము తిరస్కరించరాదని 2020 జనవరిలో సుప్రీం కోర్టు త్రిసభ్య ధర్మాసనం తీర్పు ఇచ్చింది. కనుక వాహనం పోయిన వెంటనే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించుకోవడం, తాళంచెవులు రెండూ భద్రపరచడం పాఠకులు మరువరాదు. వాహనాలు, మొబైల్ ఫోన్ల చోరీలపై ఇంటి నుంచే ఫిర్యాదు చేసే ఈ-ఎఫ్‌ఐఆర్ పద్ధతి గుజరాత్‌లో 2022లో వచ్చింది. పాత బండి కొన్నవారు 30 రోజులలోగా యాజమాన్య బదిలీకి దరఖాస్తు చేయాలన్న నిబంధననూ నిర్లక్ష్యం చేయరాదు. పేరు మారని బండి దొరికినా ఒకటే, దొరకకపోయినా ఒకటే.

అవతలి వాదన

క్రేనుకు ఖర్చవుతుంది, నగరంలో స్థలానికి విలువ ఉంది, ఉచితమంటే యజమానులు బండ్లను తీసుకుపోరు అన్న వాదనను పూర్తిగా కొట్టిపారేయలేము. బ్రిటన్‌లో దొంగిలించిన వాహనం దొరికినా తరలింపు, నిల్వ రుసుములు యజమాని నుంచే వసూలు చేస్తారు. 2008 నాటి నిబంధనలు మామూలు తరలింపుకు 150 పౌండ్లు, ద్విచక్ర వాహనం నిల్వకు రోజుకు 10 పౌండ్లు నిర్ణయించాయి. 2023లో వాటిని పెంచారు. అక్కడా ఇది అన్యాయమన్న విమర్శ ఉంది. అయితే అక్కడ రుసుము ఎంతో చట్టంలో రాసి ఉంది. బండి చేతికి రావడానికి మాసాలు పట్టదు. మన దగ్గర రుసుము ఎంతో ఎవరికీ తెలియదు, ఎన్నాళ్లు పడుతుందో అంతకన్నా తెలియదు. అక్కడి రుసుమును చూపించేవారు అక్కడి వేగాన్ని కూడా చూపించాలి.

ఏమి చేయాలి?

పరిష్కారాలు అసాధ్యమైనవి కావు. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్‌కు ఒక చిన్న మినహాయింపు చేర్చాలి. తరలింపుకు ముందే చోరీ ఫిర్యాదు నమోదై ఉంటే యజమాని నుంచి ఖర్చు వసూలు చేయరాదని, దొంగతనం జరిగిన తరువాతి చలానాలు వాటంతటవే రద్దు కావాలని అందులో పేర్కొనాలి. నేరం రుజువైనప్పుడు విధించే జరిమానా నుంచి బాధితునికి పరిహారం ఇప్పించే అధికారం కోర్టులకు ఎప్పటినుంచో ఉంది. ఖర్చు రాబట్టవలసింది దొంగ నుంచి, బాధితుని నుంచి కాదు. యజమానికి కబురు అందిన తరువాత కొన్ని వారాల గడువు ఇచ్చి, అప్పటికీ ఉత్తర్వు చేతిలో ఉండి బండి తీసుకుపోనివారి నుంచి మాత్రమే అద్దె వసూలు చేస్తే అవతలి వాదనకూ సమాధానం దొరుకుతుంది.

వాహనాల రిజిస్ట్రేషన్ వివరాలు దేశమంతటా కంప్యూటర్లలోకి ఎక్కాయి. ఇంజిను, ఛాసిస్ నెంబర్లు కొడితే క్షణంలో యజమాని పేరు తెలిసే రోజులలో, బండి దొరికిన 24 గంటలలో అతని ఫోనుకు సందేశం పంపలేకపోవడానికి కారణం కనిపించదు. 14 రోజుల గడువు స్వాధీనం చేసుకున్న నాటి నుంచే లెక్కించేలా రాష్ట్ర ప్రభుత్వాలు పోలీసులకు స్పష్టమైన ఆదేశాలివ్వాలి. ఏ బండి ఏ తేదీన వచ్చిందో, కోర్టుకు ఎప్పుడు నివేదించారో ప్రతి స్టేషన్ బయట బోర్డుపై రాసి ఉంచాలి. చోరీకి గురైన యజమాని విషయంలో సొంత పూచీకత్తు చాలునని, స్థానిక జామీను అవసరం లేదని హైకోర్టులు కింది కోర్టులకు సూచించాలి. నిందితుని జామీనుకు, బాధితుని పూచీకత్తుకు తేడా లేకపోతే ఇక న్యాయమెక్కడిది?

ఇంకొక మార్గం ఇప్పటికే చట్టంలో ఉంది. దానిని వాడుకునేవారే తక్కువ. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఉచిత న్యాయసహాయానికి అర్హులైనవారిలో షెడ్యూల్డు కులాలు, తెగలవారు, మహిళలతోపాటు పారిశ్రామిక కార్మికులు కూడా ఉన్నారు. మగ్గం నడిపే కార్మికుడు బండి విడుదల దరఖాస్తు కోసం వకీలుకు ఫీజు ఇచ్చుకోవలసిన అవసరమే లేదు. సూరత్ నగరపాలక సంస్థ పిల్లల కోసం తెలుగు మాధ్యమ పాఠశాలలు నడిపింది. తెలుగు చదువు చెప్పడానికి మనసొప్పిన నగరంలో, తెలుగువారి దరఖాస్తు రాసిపెట్టే ఒక న్యాయసహాయ కేంద్రం లింబాయత్‌లో నడపడం కష్టం కాబోదు. అక్కడి తెలుగు సంఘాలు ఈ దిశగా చొరవ చూపాలి.

మోటారు సైకిలు ధనవంతునికి వాహనం. శ్రమజీవికి అది పనిముట్టు. మగ్గం పోతే నేతగానికి ఎంత నష్టమో, షిఫ్టుకు చేర్చే బండి పోయినా అంతే నష్టం. ఓల్పాడ్ కేసు సుప్రీం కోర్టు చేత ఒక మంచి మాట చెప్పించింది. ఆ మాట చెప్పి రెండు దశాబ్దాలు దాటింది. దొంగను పట్టుకోవడమే పోలీసు విజయమని ఇంకా లెక్కలు వేసుకోవడం సరికాదు. పోయిన సొత్తు, పైసా ఖర్చు లేకుండా, చెడిపోకముందే సొంతదారు చేతికి చేరిన రోజునే ఆ కేసు ముగిసినట్లు లెక్క. అంతవరకు స్టేషన్ ముందు తుప్పు పడుతున్న ప్రతి బండీ ఒక చోరీ కేసే. అయితే దానిలో నిందితుడు ఎవరన్నది మాత్రం ప్రభుత్వాలు ఆలోచించుకోవాలి.